స్విచ్ ప్యానెల్‌కి కంప్రెసర్, డిఫ్ లాకర్లు: ఫ్రంట్ లాకర్ ఒంటరిగా ఆన్ అవ్వకూడదు

ఇవాళ్టి ఎపిసోడ్ పూర్తిగా వైరింగ్ మీదే. ఆఫ్‌రోడ్ బండి ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఎనిమిది బటన్ల స్విచ్ ప్యానెల్ కొన్నాను. ఎయిర్ కంప్రెసర్, ఫ్రంట్ లాకర్, రియర్ లాకర్ మూడూ దీనికే కలిపేయొచ్చా?"

కలపొచ్చు. కానీ లైట్లు కలిపినట్టు కలపకూడదు. లైట్ బార్ పొరపాటున వెలిగితే ఎదుటివాడు తిట్టుకుంటాడు, అంతే. హైవే మీద ఫ్రంట్ లాకర్ పొరపాటున పడితే స్టీరింగ్ మీ మాట వినదు. తేడా అదీ.

ఎందుకో చెప్తాను. బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలివైపు చక్రం తక్కువ. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. బురదలో ఒక చక్రం పట్టు కోల్పోతే ఇదే మనకు శత్రువు అవుతుంది. గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరుగుతుంది, నేల మీద ఉన్నది కదలదు. లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. బండి బయటపడుతుంది. అదే లాకర్ తారు రోడ్డు మీద ఫ్రంట్ యాక్సిల్‌లో ఉంటే, రెండు చక్రాలూ నేరుగానే పోతామంటాయి. స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది, యాక్సిల్ మీద కూడా విపరీతమైన ఒత్తిడి పడుతుంది.

మన దగ్గర ఫోర్స్ గూర్ఖాలో లాకులు లివర్లతో పడతాయి కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో కంపెనీ లాకర్లు కరెంటుతో పనిచేస్తాయి. కానీ అక్కడ ఫ్రంట్ ఒక్కటే పడదు, రియర్‌తో కలిసే పడుతుంది. ఆ కట్టుబాటు బండిలోనే ఉంది.

ఇప్పుడు బయట కొని వేయించుకునే వాటి సంగతి. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ వాళ్ల ఎయిర్ లాకర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. కంప్రెసర్ గాలి తయారుచేస్తుంది. ఒక్కో లాకర్‌కి ఒక్కో సోలనాయిడ్ వాల్వ్ ఉంటుంది. దానికి 12 వోల్టులు అందితే వాల్వ్ తెరుచుకుని, సన్నని ట్యూబ్ గుండా గాలి డిఫరెన్షియల్‌లోకి వెళ్లి లాక్ వేస్తుంది. కరెంటు ఆగితే గాలి బయటికి పోతుంది, లోపలి స్ప్రింగ్ లాక్ తీసేస్తుంది.

ఆ కిట్‌తో వచ్చే వైరింగ్‌లో స్విచ్‌లు గొలుసులా ఉంటాయి. కంప్రెసర్ స్విచ్ ఆన్ చేస్తేనే రియర్ స్విచ్‌కి కరెంటు వస్తుంది. రియర్ ఆన్ చేస్తేనే ఫ్రంట్‌కి వస్తుంది. అంటే ఫ్రంట్ లాకర్ ఒక్కటే పడే అవకాశమే లేదు. చాలామంది గమనించని సేఫ్టీ ఇదే.

ఇప్పుడు ఆ స్విచ్‌లు పీకేసి మూడు వైర్లూ ప్యానెల్‌లోని మూడు బటన్లకి పెట్టారనుకోండి. ప్యానెల్‌లో ప్రతి బటన్ దేనికదే స్వతంత్రం. గొలుసు తెగిపోయింది. పైగా అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, పక్కపక్కనే. చీకట్లో ఫాగ్ లైట్ అనుకుని నొక్కేస్తే? అందుకే ఇవాళ మన పని రెండు భాగాలు: కరెంటు సరిగ్గా పంపడం, తెగిన గొలుసుని మళ్లీ కట్టడం.

మొదట కరెంటు. లాకర్ సోలనాయిడ్‌లు తీసుకునేది చాలా తక్కువ, సన్నని వైర్ చాలు. అసలు ఆకలి కంప్రెసర్‌ది. సింగిల్ మోటార్ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 20 ఆంపియర్ల చుట్టూ లాగుతుంది. ట్విన్ మోటార్ అయితే లోడ్‌ని బట్టి 50 నుంచి 70 దాకా. మోటార్ మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు. మీ ప్యానెల్ పుస్తకం తెరిచి ఒక్కో ఔట్‌పుట్ ఎన్ని ఆంపియర్లు మోస్తుందో చూడండి. ట్విన్‌ని ఒక్క ఔట్‌పుట్ మీద పెట్టే ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

మరి ఎలా? ప్యానెల్‌తో బరువు మోయించకండి, ఆర్డర్ మాత్రమే ఇప్పించండి. బరువు రిలే మోస్తుంది. రిలే మీద నాలుగు నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా లావు వైర్. 87 నుంచి మోటార్‌కి. 86కి ప్యానెల్ బటన్ నుంచి సన్నని వైర్. 85 గ్రౌండ్‌కి. బటన్ నొక్కితే లోపల కాయిల్ పనిచేసి 30ని 87తో కలుపుతుంది. కంప్రెసర్ కిట్‌తో వచ్చిన వైరింగ్‌లో రిలే, ఫ్యూజులు ఉంటాయి కాబట్టి దాన్నే ఉంచేయండి. పాత స్విచ్ పని మాత్రం ప్యానెల్‌కి అప్పగించండి.

ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు లోపు ఉండాలి. ఎందుకంటే ఫ్యూజ్ కాపాడేది మోటార్‌ని కాదు, వైర్‌ని. బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైర్ బానెట్ అంచుకి రాసుకుని షార్ట్ అయితే దాన్ని ఆపేవాడు లేడు. మంటే.

వైర్ మందం కూడా లెక్క చూద్దాం. కంప్రెసర్ బ్యాటరీకి 3 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 6 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైర్‌లో 20 ఆంపియర్లు పంపితే దారిలోనే 0.8 వోల్టులు పోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైర్ అయితే 0.35 దాకానే. పోయిన వోల్టేజ్ అంతా వేడి. మోటార్ నీరసంగా తిరుగుతుంది, టైర్‌కి గాలి కొట్టడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఇక గొలుసు. దీనికి రెండు చిన్న రిలేలు చాలు. కాగితం మీద గీసుకుంటూ వినండి.

మొదటి రిలే రియర్‌కి. 86కి కంప్రెసర్ బటన్ ఔట్‌పుట్, 85కి గ్రౌండ్, 30కి రియర్ బటన్ ఔట్‌పుట్, 87 నుంచి రియర్ సోలనాయిడ్‌కి. రెండో రిలే ఫ్రంట్‌కి. 86కి మొదటి రిలే 87 నుంచి ఒక కొమ్మ, 85కి గ్రౌండ్, 30కి ఫ్రంట్ బటన్ ఔట్‌పుట్, 87 నుంచి ఫ్రంట్ సోలనాయిడ్‌కి. అయిపోయింది. ఇప్పుడు ఫ్రంట్ బటన్ ఒక్కటే నొక్కితే ఏమీ జరగదు. కంప్రెసర్, రియర్ రెండూ ఆన్‌లో ఉంటేనే ఫ్రంట్ పడుతుంది. డయోడ్ ఉన్న రిలే కొంటే 86కి ప్లస్, 85కి మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్తగా వినండి. మొదటి రిలే 86కి కరెంటు మోటార్ వైర్ నుంచి తీయకండి. కంప్రెసర్ ఆగకుండా తిరగదు. ఇప్పటి ఏఆర్‌బీ మోడళ్లలో ప్రెషర్ 150 పీఎస్‌ఐకి చేరగానే ప్రెషర్ స్విచ్ మోటార్‌ని ఆపుతుంది, 135కి పడితే మళ్లీ మొదలుపెడుతుంది. మీరు మోటార్ వైర్ నుంచి తీశారంటే, ప్రెషర్ నిండి మోటార్ ఆగిన ప్రతిసారీ రెండు లాకర్లూ ఊడిపోతాయి. ఏటవాలు రాళ్ల మీద, సగం ఎక్కాక! అందుకే ప్రెషర్ స్విచ్ కంటే ముందు, నేరుగా బటన్ ఔట్‌పుట్ దగ్గరే కొమ్మ తీయాలి.

ప్యానెల్ సెట్టింగ్‌లలో కూడా రెండు పనులున్నాయి. చాలా ప్యానెల్‌లు ఆఖరిసారి ఏ బటన్ ఆన్‌లో ఉందో గుర్తుపెట్టుకుని, బండి స్టార్ట్ చేయగానే మళ్లీ అదే ఆన్ చేస్తాయి. లైట్లకి అది బాగానే ఉంటుంది. ఈ మూడు బటన్లకి మాత్రం ఆ మెమరీ తీసేయండి, తాళం తీస్తే అన్నీ ఆఫ్ అయిపోవాలి. రెండోది ఫోన్ యాప్. బ్లూటూత్‌తో బండి లైట్లు వెలిగించి ఫ్రెండ్స్‌కి చూపించడం సరదానే, కాదనను. కానీ లాకర్లని యాప్‌లో పెట్టకండి. జేబులో ఉన్న ఫోన్‌కి మీరు హైవే మీద ఉన్నారో, బురదలో ఉన్నారో తెలీదు.

చివరిగా టెస్టింగ్. బండి కదలకుండా, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఫ్రంట్ ఒక్కటే నొక్కండి, సోలనాయిడ్ "టిక్" అనకూడదు. ఫ్రంట్, రియర్ రెండూ నొక్కండి, అప్పుడూ అనకూడదు. ఇప్పుడు కంప్రెసర్ ఆన్ చేస్తే రెండూ టిక్‌మనాలి. ప్రెషర్ నిండి మోటార్ దానంతట అదే ఆగేదాకా ఉండండి. ఆగాక కూడా లాకర్లు పట్టుకునే ఉండాలి. తర్వాత రియర్ ఒక్కటే ఆఫ్ చేయండి, ఫ్రంట్ కూడా దాంతోపాటే వదిలేయాలి. గాలి లీక్ కోసం ట్యూబ్ జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు రాయండి. లాకర్లు వాడకపోయినా మోటార్ మాటిమాటికీ మొదలవుతుంటే ఎక్కడో బుడగ వస్తున్నట్టే.

ఈ పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ బండిని రోడ్డెక్కించకండి. పని మీరే చేసినా, షాపులో చేయించినా సరే. షాపువాళ్లని "ఫ్రంట్ ఒక్కటే నొక్కి చూపించండి" అని అడగండి. పది సెకన్ల పని. టిక్ అని వినిపిస్తే గొలుసు కట్టలేదని అర్థం, అక్కడే కట్టించుకుని బయల్దేరండి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ప్యానెల్ కొన్న మీ ఫ్రెండ్‌కి ఇది పంపించండి.