అద్దెకిచ్చు ఇంటిని బేరమాడుట

గుంటూరు మిరప యార్డులో అనుభవముగల వర్తకుడు ధర చెప్పుటకు ముందు టిక్కీలోనుండి గుప్పెడు కాయలు తీసి చూచును. రంగు ఎట్లున్నది, తేమ ఎంత, తాలు ఎంత అని పరీక్షించిన పిదపనే నోరు విప్పును. కాయలయెడ ఇంత జాగ్రత్త చూపు మనము, జీవితకాలపు కూడబెట్టును ఒక ఇంటిపై పెట్టునపుడు మాత్రము, చెప్పిన ధరలో కొంత తగ్గించి అడుగుటయే బేరమనుకొందుము.

గుంటూరు ప్రక్కనున్న నల్లపాడునే తీసికొందము. 2012లో ఈ గ్రామము నగరపాలక సంస్థలో కలిసినది. రైల్వే జంక్షను, పాలిటెక్నిక్ కళాశాల ఉన్న చోటు గనుక అద్దె ఇండ్లు వెదకువారుందురు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు ఇక్కడ రెండు వాటాల ఇల్లు కొని, అద్దెపై కాలము గడుపదలచిరనుకొందము. అమ్మువారు 40 లక్షల రూపాయలు చెప్పిరి. వాటాకు నెలకు 7,500 చొప్పున సంవత్సరమునకు వచ్చునది 1,80,000. ఒక నెల ఖాళీకి 15,000, ఇంటిపన్నుకు, మరమ్మతులకు 25,000 తీసివేసినచో మిగులునది 1,40,000. ఇది 40 లక్షలపై మూడున్నర శాతము. 35 లక్షలకు కొన్నచో నాలుగు శాతమగును. 20 లక్షలు ఎనిమిదిన్నర శాతపు వడ్డీకి అప్పు తెచ్చిరా, మొదటి సంవత్సరపు వడ్డీయే దాదాపు 1,70,000. అనగా అద్దె వడ్డీకే చాలదు. అసలు సంగతి చెప్పనక్కరలేదు. ఆ లోటు పింఛనులోనుండి పూడ్చవలసినదే.

కావున బేరమునకు వెళ్ళకముందే ఇంటివద్ద కూర్చుండి రెండు అంకెలు వ్రాసికొనవలెను: మొదట అడుగు ధర, ఏమైనను దాటరాని ధర. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు ఈ రెండవ అంకెలోనే ఇమడవలెను. ఆ అంకెను మధ్యవర్తికి తెలుపరాదు. బేరము కుదిరిననే అతనికి కమీషను ముట్టును గదా!

తగ్గించుడని అడుగునపుడు కారణము చూపవలెను. పైకప్పు కారుచున్నచో మేస్త్రిచేత ఖర్చు అంచనా వ్రాయించి ముందుంచుడు. చుట్టుప్రక్కల వాటాలకు నిజముగా వచ్చుచున్న అద్దెలు విచారించుడు. అమ్మువారికి సొమ్ము త్వరగా కావలసియున్నచో, మీరు త్వరగా రిజిస్ట్రేషను చేయించుకొనగలుగుట కూడ ధరతో సమానమైన బలమే.

ఇంటిలో కిరాయిదారులున్నచో మరియొక సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, కొన్నవారు పాత యజమాని స్థానములో నిలుతురు. కిరాయిదారులిచ్చిన అడ్వాన్సు ఎంతయో వారినే అడిగి తెలిసికొని, ఆ మొత్తమును ధరలో మినహాయింపుమని కోరుట న్యాయము. లేనియెడల వారు ఖాళీ చేయునాడు ఆ భారము మీ మీద పడవచ్చును.

సంచకరువు, అనగా మనము బయానా అనునది, ఇచ్చుటకు ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఈ.సి. తీసి, దస్తావేజులను న్యాయవాదికి చూపవలెను. హక్కులో లోపమున్నచో బయానా తిరిగి యిచ్చునట్లు అగ్రిమెంటులో వ్రాయించుకొనవలెను. అగ్రిమెంటు మాత్రముచేత ఇల్లు మీది కాదు; రిజిస్టరైన విక్రయ దస్తావేజుతోనే అగును. ‘కొంత నగదుగా ఇండు, కాగితములో తగ్గించి వ్రాయుదము’ అన్న మాటకు లోబడవలదు. స్థిరాస్తి విక్రయములో 20,000 రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా పుచ్చుకొనుట ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. పైగా వివాదము వచ్చిననాడు, కాగితములో లేని సొమ్మును ఇచ్చితినని నిరూపించుట కష్టము.

ఇంత చేసినను అమ్మువారు మీ అంకెకు దిగిరాకపోవచ్చును. అప్పుడు నమస్కరించి లేచి వచ్చుటలో చిన్నతనమేమియు లేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కొనుటలోని కష్టమును వారు చెప్పలేదు గాని, ఆ మెలకువ దీనికిని కావలెను. తప్పిపోయిన ఇంటివంటిది మరియొకటి దొరకవచ్చును. మించిన ధరకు కొని అప్పులో పడినచో, ముదిమిలో ఆ సొమ్మును తిరిగి కూడబెట్టుట మాత్రము సులభము కాదు.