తుపానును మనిషి ఆపగలడా? రాయ్‌పుర్ వైపు వెళ్లి నీరసించిన హుద్‌హుద్ ఏం చెబుతోంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలుల వేగం గంటకు 170 కిలోమీటర్లకు పైనే ఉంది. మరుసటి రోజు తెల్లవారుజాముకు అది తీవ్ర వాయుగుండంగా, సాయంత్రానికి ఛత్తీస్‌గఢ్‌ మీద వాయుగుండంగా బలహీనపడింది. వాతావరణ శాఖ లెక్కలో వాయుగుండం గాలుల వేగం గంటకు 50 కిలోమీటర్లు మించదు. విశాఖకు 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రాయ్‌పుర్‌ ప్రాంతానికి బంగాళాఖాతం తుపాన్లు సాధారణంగా ఇలా గాలి తగ్గి, వానగానే చేరతాయి.

ప్రకృతి ఒక్క రోజులో చేసిన ఈ పనిని, తుపాను సముద్రంలో ఉండగానే మనిషి చేయలేడా?

నేల మీద ఎందుకు చచ్చుబడుతుంది?

తుపానుకు ఇంధనం వెచ్చని సముద్రం నుంచి లేచే నీటి ఆవిరి. నీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌ దాటిన చోటే తుపాన్లు సాధారణంగా పుడతాయి. ఆవిరి పైకెళ్లి నీటి బొట్లుగా మారేటప్పుడు వెలువడే వేడే సుడిని నడిపిస్తుంది. నేల మీదకు రాగానే ఈ సరఫరా తెగిపోతుంది. కొండలు, అడవుల రాపిడి గాలి వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. అంటే తుపానును ఆపాలంటే దాన్ని సముద్రం నుంచి విడదీయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు?

1947 అక్టోబర్‌లో అమెరికా శాస్త్రవేత్తలు అట్లాంటిక్‌లోని ఒక హరికేన్‌పై విమానం నుంచి డ్రై ఐస్ చల్లారు. అది దిశ మార్చుకుని జార్జియా రాష్ట్రంలోని సవానా ప్రాంతాన్ని తాకింది. చల్లకముందే అది మలుపు తిరగడం మొదలైందని తర్వాత తేలినా, అప్పటికే విమర్శలు చెలరేగాయి.

1962లో అమెరికా ‘స్టార్మ్‌ఫ్యూరీ’ ప్రాజెక్టు చేపట్టింది. సిల్వర్ అయొడైడ్‌ చల్లి, తుపాను కన్ను చుట్టూ ఉండే మేఘాల అమరికను చెదరగొట్టాలన్నది ఆలోచన. 1969లో డెబ్బీ హరికేన్‌పై చల్లాక గాలుల వేగం ఒక రోజు 30 శాతం దాకా తగ్గింది. అయితే ఏమీ చల్లకపోయినా హరికేన్లలో ఇలాంటి మార్పులు వాటంతటవే వస్తాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. 1983లో ప్రాజెక్టును ముగించారు.

అణుబాంబు వేస్తే?

బాగా బలపడిన హరికేన్‌ వెలువరించే వేడి, ప్రతి 20 నిమిషాలకు ఒక 10 మెగాటన్నుల అణుబాంబు పేలడంతో సమానమని అమెరికా వాతావరణ సంస్థ ‘నోవా’ చెబుతోంది. పైగా రేడియోధార్మికత గాలుల వెంట తీరానికి కొట్టుకొస్తుంది.

సముద్రాన్నే చల్లబరిస్తే? మయామీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో దీన్ని కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టారు. 2,60,000 చదరపు కిలోమీటర్ల మేర, అంటే ఛత్తీస్‌గఢ్‌ విస్తీర్ణానికి దాదాపు రెట్టింపు ప్రాంతంలో, సముద్రపు నీటిని 2 డిగ్రీలు చల్లబరిచినా తుపాను తీవ్రత తగ్గేది 15 శాతమే.

జపాన్‌లో మాత్రం తుపాన్ల నియంత్రణపై పరిశోధన కొనసాగుతోంది. యోకొహామా నేషనల్ యూనివర్సిటీలో 2021లో ఇందుకోసం ఒక కేంద్రం ఏర్పాటైంది.

గాలి తగ్గితే చాలా?

చాలదు. హుద్‌హుద్‌ మోసుకెళ్లిన తేమ అక్టోబర్ 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుపానుకు కారణమై 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. మరో ప్రశ్న కూడా ఉంది. ఆంధ్ర తీరానికి రావాల్సిన తుపానును మళ్లించే ప్రయత్నంలో అది ఒడిశాకో, బంగ్లాదేశ్‌కో వెళితే బాధ్యత ఎవరిది?

1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా ప్రాణాలను బలిగొంది. హుద్‌హుద్‌ నాటికి ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య పదుల్లోకి తగ్గింది. ఈ మధ్యకాలంలో తుపాన్ల బలం తగ్గలేదు. ఉపగ్రహాలు, రాడార్లు వచ్చాయి, హెచ్చరికలు ముందే అందాయి, తీరంలోని జనాన్ని సమయానికి తరలించారు. తుపానును ఆపడం ఇప్పటికీ మనిషి చేతిలో లేదు. దాని దారి నుంచి మనుషులను తప్పించడం మాత్రం ఉంది.