కుంటాల జలపాతయాత్ర: ప్రయాణపు లెక్క

పూర్వము మన యూళ్లనుండి యాత్రకు బయలుదేఱువారు బండి యిరుసునకు కందెన వేయించి, ఎడ్లకు లాడములు కొట్టించి, ఏ ప్రొద్దునకు ఏ మజిలీ చేరవలయునో నిర్ణయించుకొనిన పిదపనే గడప దాటెడివారు. నేడు చాల యిండ్లలో మోటారు కారున్నది. నడుపగల కొడుకో మనుమడో ఉన్నాడు. అందుచేత ప్రొద్దున తలంపు పుట్టినచో మధ్యాహ్నమునకు బండి కదలుచున్నది. బండి వేగము పెరిగినది గాని పగటి పొడవు పెరుగలేదు. ఈ సంగతి మఱచి నేనొకమాఱు చిక్కుపడితిని. కావున సొంతబండిపై కుంటాల జలపాతమునకు, ఆ చుట్టుపట్ల సీమకు పోవ దలచినవారు ప్రయాణము నెట్లు కూర్చుకొనవలయునో నేడు మనవి చేయుదును.

కుంటాల జలపాతము ఆదిలాబాదు జిల్లా నేరడిగొండ మండలములోనిది. గోదావరికి ఉపనదియైన కడెము, టేకు చెట్ల యడవిలో కొండబండలమీదుగా పాఱి, యిచ్చట మెట్టుమెట్టుగా సుమారు 45 మీటర్లు క్రిందికి దుముకును. శకుంతల యిచ్చట విహరించినందున ఈ పేరు కలిగినదని జనులు చెప్పుకొందురు. కాళిదాసు కణ్వాశ్రమమును మాలినీతీరమున నిలిపినాడు గనుక పండితు డీమాట నంగీకరింపడు. కుంటల వలననే కుంటాల యైనదని చెప్పువారును గలరు. ఏది యెట్లున్నను, మహాశివరాత్రినాడు ఇచ్చటి సోమేశ్వరుని సేవింప వచ్చు భక్తులకు ఆ వాదముతో పని లేదు.

పేరు విషయమున మఱియొక జాగ్రత్త వలయును. నిర్మల జిల్లాలో కుంటాల యను పేరుగల మండలము వేఱొకటి కలదు. అది జలపాతముండు చోటు కాదు. ఫోనులోని పటమును నమ్మి ఉత్త 'కుంటాల' యని వెదకినచో దారి తప్పవచ్చును. దారిలో ఎవరినైనను 'నేరడిగొండ యెటు?' అని యడుగుట మేలు.

ఇక నా యనుభవము. మా యూరు కామారెడ్డికి చేరువ. ఉద్యోగము విరమించిన పిదప నేను మోటారు నడుప నేర్చితిని. తొలియేడే నా మేనల్లుని వెంటబెట్టుకొని కుంటాలకు బయలుదేఱితిని. ఇల్లు కదలుటయే ఆలస్యమైనది. దారిలో పోచంపాడువద్ద శ్రీరామసాగరపు ఆనకట్టను చూచుచు ఒక గడియ, నిర్మలలో భోజనమునకు రెండు గడియలు గడపితిమి. జలపాతపు మెట్లు దిగునప్పటికి సాయంకాల మైదు దాటినది. లోయలో అప్పటికే నీడలు క్రమ్మినవి. "మామయ్యా, ఇంతదూరము వచ్చి నీళ్లు తాకకుండ పోదుమా?" అని మావాడు బండమీద అడుగు వేసినాడు. పాచి కనబడలేదు. కాలు జారి గుండమువైపు సాగిపోవుచుండగా, అచ్చట పశువులను తోలుకొని పోవుచున్న గోండు యువకు డొకడు వాని చేయి పట్టి లాగినాడు. నేను నోట మాటరాక నిలిచియుంటిని. ఆ యువకుడు కోపగింపలేదు. "పగటిపూట వచ్చి చూడున్రి సారూ, మాపటికి ఈ బండమీద మేమే నడువం" అని మాత్రమనినాడు.

నలువది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ఆనాడు వాడు చెప్పిన పాఠమిది: ప్రయాణపు లెక్కను మన గడపనుండి ముందునకు వేయరాదు, చేరవలసిన చోట ప్రొద్దుగ్రుంకు వేళనుండి వెనుకకు వేయవలెను.

ఆ లెక్క వేసి చూతము. ఆశ్వయుజ కార్తికములలో అచ్చట ఆఱుగంటల ప్రాంతమున సూర్యుడస్తమించును. అడవిలో అంతకు ముందే చీకటి పడును. కావున నాలుగుగంటలకు మన బండి జలపాతమును విడిచి కదలవలెను. క్రిందనుండి పైకి సుమారు 400 మెట్లున్నవి. మనవంటివారు ఆగియాగి యెక్కుటకు ఒక గంట పట్టును. అనగా మూడింటికి ఎక్కుట మొదలిడవలెను. క్రింద రెండుగంటలు గడప దలచినచో ఒంటిగంటకు అచ్చట నుండవలెను. దిగుటకు అరగంట, పైన ఫలాహారమునకు అరగంట. కాబట్టి పండ్రెండింటికి బండి నిలుపవలెను. జాతీయరహదారి విడిచి నేరడిగొండనుండి లోపలికి సుమారు 12 కిలోమీటర్లు, దానికి అరగంట. నిర్మలనుండి నేరడిగొండకు ఒక గంట. కామారెడ్డినుండి డిచ్‌పల్లి, ఆర్మూరు మీదుగా సోను వంతెనపై గోదావరిని దాటి నిర్మల చేరుటకు, నడుమ విశ్రాంతితో రెండున్నర గంటలు. మొత్తము ఎనిమిదింటికి బయలుదేఱవలెనని తేలినది. చక్రము దిగబడుటకో, గొఱ్ఱెలమంద అడ్డుపడుటకో మఱియొక గంట విడిచినచో ఏడింటికే గడప దాటవలెను. హైదరాబాదునుండి వచ్చువారికి దూరము సుమారు 260 కిలోమీటర్లు. వారు ముందునాటి రాత్రియే నిర్మలలో బసచేయుట యుత్తమము.

ఋతువునుగూర్చి రెండు మాటలు. వేసవిలో జలపాతము సన్నగిలి బండలే మిగులును. శ్రావణ భాద్రపదములలో నీరు నిండుగా నుండును గాని అపాయమును నిండుగనే యుండును. ఎగువ కొండలలో వాన కురిసినచో, మన నెత్తిమీద ఎండ కాయుచుండగనే యేఱు పొంగవచ్చును. 2022 జూలైలో ఈ కడెమునదియే పొంగి, దిగువనున్న కడెము జలాశయపు గేట్లమీదుగా పొరలినది. వానలు వెనుకబట్టి, నీరింకను తగ్గని ఆశ్వయుజ కార్తికములే మనకు తగిన కాలము. అప్పుడైనను గుండములో దిగరాదు. అచ్చట ఈతకు దిగియు, బండలపై జాఱియు ప్రాణములు గోల్పోయినవా రెందఱో కలరు. నీటిని చూచుటయే యాత్రాఫలము, తాకుట కాదు.

బండి విషయము క్లుప్తముగ చెప్పెదను. ముందునాడే చక్రములలో గాలి, బ్రేకులు, అదనపు చక్రము చూపించుకొనవలెను. నిర్మలలో ఇంధనము నింపుకొనవలెను. అచ్చటినుండి కొండలసీమ, పాతదారి మహబూబు ఘాటు మలుపులగుండా పోవును. దిగుడులో బ్రేకునే నమ్మక చిన్న గేరులో దిగవలెను. రెండుగంటల కొకమాఱు చోదకుడు మాఱుటయో, బండి దిగి విశ్రమించుటయో అవసరము. లోయలో ఫోను పలుకకపోవచ్చును గనుక తిరిగివచ్చు వేళ యింటివారికి ముందే చెప్పియుంచవలెను.

ఆ రాత్రి నిర్మలలో నిలిచినచో మఱునాడు చూడదగినవి చాల కలవు. తేలికైన పొణికికఱ్ఱను చెక్కి, రంగులద్ది, పండ్లను పక్షులను చేయు నకాషీవారి పనితన మచ్చట కన్నులార చూడవచ్చును. జలపాతములపై మక్కువ తీరనివారికి బోథు మండలములో పొచ్చెర కలదు. అది కుంటాలకన్న ఎత్తు తక్కువదే కాని, గుండము లోతైనది. అచ్చటను నీటిలో దిగరాదు. అక్షరాభ్యాసము చేయవలసిన పసివారున్నచో బాసర సరస్వతీ సన్నిధి నిర్మలకు సుమారు 70 కిలోమీటర్లు. ఈ మూడింటిని ఒకేనాడు ముగింప జూచినచో ఒక్కటియు చూచినట్లుండదు. ఒకటి యెంచుకొని తక్కినవానిని మఱియొక యాత్రకు మిగుల్చుకొనుడు.

పెద్దలారా! పడుచువారు బండి నడుపుదురు. దారి చూపుటకు ఫోనున్నది. ఇక మనతో పనియేమని తలంపవలదు. "ఇక చాలు, లేవండి" అను మాట ప్రతియాత్రలోను ఒకరు పలుకవలెను. వినోదములో మునిగిన పడుచువారి కా మాట నోటికి రాదు. అది మన యధికారము, మన ధర్మము. మరుసటి యేడు నేనును మేనల్లుడును మరల కుంటాలకు పోయితిమి. పండ్రెండింటికి చేరితిమి. ఎండలో ఆ బండ పచ్చగా మెఱయుచుండెను. పాచి స్పష్టముగ కనబడెను. దూరముననే కూర్చుండి రెండుగంటలు నీటి హోరు వింటిమి. మూడు కాగానే నేను నోరు తెఱచుటకు ముందే వాడు లేచి, "మామయ్యా, వేళయైనది" అని చేయి యందించినాడు.

సెలవు.