వేరు వెండిరంగుకు తిరిగాకే నీళ్ళు

నర్సరీలో నిండుగా పూసి ఉన్న ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఇంటికొచ్చిన కొన్ని నెలలకే కుళ్ళిపోతే, నింద వాతావరణం మీద పడుతుంది. చలిదేశాల మొక్క, మన ఎండలకు బతకదని తేల్చేస్తారు. నిజానికి ఫెలనాప్సిస్ జాతుల్లో చాలావాటి పుట్టిల్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా లాంటి ఉక్కపోత దేశాలే. అంతదూరం ఎందుకు, వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ తెలుగు నేల మీద చెట్ల కొమ్మలను పట్టుకుని, ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరుగుతుంది.

అలా కొమ్మ మీద కనిపించడంతో అది చెట్టు రసం పీల్చేస్తుందనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ పని బదనికది. ఆర్కిడ్ వేరు బెరడును కరిచిపట్టుకుంటుందే తప్ప లోపలికి దిగదు. వాన, మంచు, పగుళ్ళలో చేరి కుళ్ళిన ఆకులు దానికి చాలు.

అందుకే ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నాటితే ఈ మొక్క బతకదు. దీని వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడి తగలగానే నీటిని పీల్చుకుని, ఆ తర్వాత గాలి కోసం చూస్తుంది. మట్టిలో ఆ గాలి అందక వేరు కుళ్ళుతుంది. బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, పెంకు ముక్కలు వేసిన చిల్లుల కుండీ కావాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే మరీ మేలు, వేళ్ళు బయటికే కనిపిస్తాయి.

రోజూ కాసిని నీళ్ళు పోయడం ప్రేమే, కానీ ఎక్కువ ఆర్కిడ్లు చచ్చేది దానితోనే. తడిసిన వేరు ఆకుపచ్చగా, ఆరిన వేరు వెండిరంగులో ఉంటుంది. వెండిరంగుకు తిరిగాక, ఉదయంపూట, అడుగునుంచి కారిపోయేలా పోయాలి. పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు, ఆకుల నడుమ మొవ్వులో నిలిచినా తుడిచెయ్యాలి. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళు వృథా ఎందుకని దీనికి పోస్తుంటారు. లవణాలు చిక్కబడిన ఆ నీళ్ళు వేళ్ళను కాలుస్తాయి, వాననీళ్ళు శ్రేష్ఠం. కుండీ దాటి గాల్లోకి వచ్చిన వేళ్ళను కత్తిరించకూడదు.

నీడ మొక్క కదా అని హాల్లో మూల పెడితే ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడతాయి, పూలు మాత్రం రావు. తూర్పు కిటికీ దీనికి చక్కటి చోటు. పడమటి కిటికీ అయితే వేసవిలో పలుచటి తెర తప్పనిసరి.

పూలు రాలగానే మొక్క పని అయిపోయిందని పారేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి, మొక్క ఏళ్ళ తరబడి బతుకుతుంది. కాడ ఇంకా పచ్చగా ఉంటే కింది నుంచి రెండో, మూడో కణుపు పైన కత్తిరిస్తే అక్కడినుంచి మళ్ళీ పూయవచ్చు. కొన్ని వారాలు వరసగా చల్లబడే రాత్రులు కొత్త పూలకాడను పుట్టిస్తాయి. హైదరాబాద్‌లో చలికాలం ఆ పని చేసిపెడుతుంది. కోస్తాలో రాత్రులు అంతగా చల్లబడవు కాబట్టి అక్కడ వేడికి తట్టుకునే డెండ్రోబియం నయం. దానికి వెలుతురు ఇంకాస్త ఎక్కువ కావాలి. ఆకులు రాలిన దాని పాత కాండాలను ఎండిపోయాయనుకుని కోసేస్తుంటారు. మొక్క తిండీ నీరూ దాచుకునేది వాటిలోనే, వాటి మీద మళ్ళీ పూలు కూడా రావచ్చు.

ఇక దుకాణాల్లో ముదురు నీలంరంగు ఫెలనాప్సిస్‌ను అరుదైన జాతిగా ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. సాధారణంగా అది కాడలోకి రంగు ఎక్కించిన తెల్ల ఆర్కిడ్. కొత్త కాడ వేసినప్పుడు తెల్లగానే పూస్తుంది.