తిరుపతి నుంచి చిత్తూరు ఇంటికి ఒక రహస్య దారి

చిత్తూరులో ఒక ఇల్లు ఉందనుకుందాం. అందులో ఒక కంప్యూటరు, గేటు దగ్గర ఒక కెమెరా ఉన్నాయి. ఆ ఇంటి అబ్బాయి సుమారు 70 కిలోమీటర్ల దూరాన తిరుపతి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంటి కంప్యూటరులో దాచుకున్న పాఠాలు అతనికి కావాలి. రెండుచోట్లా ఇంటర్నెట్ ఉంది. మరి అడ్డేమిటి?

అడ్డు చిరునామాల కరువు! ఇంటర్నెట్‌లో చిరునామా అంటే ఒక సంఖ్య. ఐ.పి. వెర్షన్-4 పద్ధతిలో ఇటువంటివి దాదాపు 430 కోట్లే. ప్రపంచ కేంద్ర నిల్వలోని చివరి భాగాలు 2011 ఫిబ్రవరిలో పంపిణీ అయిపోయాయి. అందుచేత చాలా కంపెనీలు అనేక ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతున్నాయి. పెద్ద అపార్టుమెంటుకంతా ఒకే డోరు నంబరు ఉన్నట్లన్నమాట. లోపలివారు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే కాపలాదారు దాన్ని సరిగ్గా చేరుస్తాడు. బయటివారు తమంతట తాముగా రాస్తే, అది ఎవరికో తెలియక పక్కన పడేస్తాడు.

దీనికి ఉపాయం మెష్ వి.పి.ఎన్. మెష్ అంటే వల. పాత పద్ధతిలో ప్రతి సందేశమూ ఒక కేంద్రం గుండా పోవాలి. వలలో అయితే ప్రతి యంత్రమూ మిగతావాటితో నేరుగా మాట్లాడుతుంది. 5 యంత్రాలుంటే 10 దారులు. సందేశాలన్నీ సంకేత భాషలో ఉంటాయి గనుక మధ్యలో ఎవరూ చదవలేరు.

కాపలాదారును దాటేదెలా? రెండు యంత్రాలూ ముందుగా ఒక పరిచయ సర్వరును పలకరించి, ఒకదాని బయటి చిరునామా మరొకటి తెలుసుకుంటాయి. తరువాత రెండూ ఒకేసారి ఉత్తరాలు పంపుతాయి. వచ్చినది తనవారి ఉత్తరానికి జవాబే అనుకొని ఇరువైపులా కాపలాదారులు లోపలికి వదులుతారు! ఇది కుదరకపోతే మధ్యవర్తి సర్వరు ఉత్తరాలు మోస్తుంది. విప్పి చదవడం దానికీ సాధ్యం కాదు.

ఇక ఎంపిక. మీ ఇంటికి సొంత బయటి చిరునామా ఉంటే వైర్‌గార్డ్ ఒక్కటే చాలు. 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఈ సాధనం అపరిచితులు తలుపు తడితే పలకనే పలకదు. సొంత చిరునామా లేకపోతే టెయిల్‌స్కేల్, జీరోటయర్ సులువు. వైర్‌గార్డ్‌పైనే నడిచే టెయిల్‌స్కేల్‌లో రహస్య తాళంచెవి మీ యంత్రం దాటిపోదు. కాని వలలో ఎవరెవరు ఉన్నారనే జాబితా కంపెనీ సర్వరులో ఉంటుంది. ఆ జాబితా కూడా మన చేతిలోనే ఉండాలనుకుంటే హెడ్‌స్కేల్, నెబ్యులా ఉన్నాయి. అయితే వీటికి బయటి చిరునామా గల ఒక సర్వరును మనమే నడపాలి. స్వేచ్ఛ పెరిగినకొద్దీ పనీ పెరుగుతుంది!

ఈ శ్రమంతా ఎందుకు, రౌటరులో ఒక ద్వారం తెరిచేస్తే పోలేదా అంటారేమో. అలా తెరిచిన ద్వారం అబ్బాయికే కాదు, లోకానికంతటికీ తెరిచినట్లే. కెమెరాకు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంటే మీ ముంగిలిని ఎవరైనా చూడవచ్చు. వి.పి.ఎన్. పెట్టుకున్నా ఖాతాకు గట్టి పాస్‌వర్డు ఉండాలి. ఫోను పోతే వెంటనే దాన్ని జాబితాలోంచి తీసివేయాలి.

మీరే చూడండి: పెద్దల అనుమతితో మీ రౌటరు పేజీలో బయటి చిరునామాను గమనించండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ ఇల్లూ ఆ అపార్టుమెంటులో ఒకటే! వలలో 10 యంత్రాలుంటే ఎన్ని దారులో కూడా లెక్కకట్టండి.