ప్రపంచీకరణలో మన సంస్కృతి – సామాజిక మాధ్యమాల ప్రభావం

ప్రపంచీకరణ అంటే దేశాల మధ్య సరుకులు, పెట్టుబడులు తిరగడమే కాదు. పాటలు, మాటలు, వేషభాషలు కూడా ఎల్లలు దాటడం. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత టీవీ ఛానెళ్లు ఇంటింటికీ వచ్చాయి. 2005లో పుట్టిన యూట్యూబ్, 2009లో పుట్టిన వాట్సాప్, 2016 తర్వాత ఇంటర్నెట్ చౌక కావడంతో మా బోనకల్ పల్లెలకూ, భద్రాచలం మన్యంలోని గూడేలకూ చేరాయి. ఇవి మన సంస్కృతిని నిలబెడతాయా, మింగేస్తాయా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ముందుగా మేలు చూద్దాం. ఒకప్పుడు మన పాట నలుగురికీ వినిపించాలంటే రేడియో వారి దయో, సినిమా వారి దయో ఉండాలి. సినిమాల్లో తెలంగాణ యాస ఎక్కువగా నవ్వించడానికే పనికొచ్చేది. నేటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ అదే యాసతో లక్షలమందిని మెప్పించింది. కూలి పని చేసుకునే గంగవ్వ గారు దాని ద్వారానే ఇంటింటికీ తెలిశారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగు చూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలను కంప్యూటర్లో, ఫోనులో రాసుకునే దారి ఏర్పడింది.

ఇక నష్టం. ఈ మాధ్యమాలు ప్రధానంగా ప్రకటనల ఆదాయంతో నడుస్తాయి. అందుకే జనం ఎక్కువగా చూసేదాన్నే మరింతమందికి చూపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాట్లాడేవారు 8 కోట్ల పైచిలుకు. కోయ మాట్లాడేవారు సుమారు 4 లక్షలు. ఈ పోటీలో కోయ పాట ఎంత బాగున్నా వెనుకబడుతుంది. చివరకు కోయ పిల్లల ఫోనులోనూ సినిమా పాటే మోగుతుంది.

మరో నష్టం కుదింపు. కోయల డోలి కళాకారులు ఇలవేల్పుల కథలు, వంశాల చరిత్ర గంటల తరబడి గానం చేస్తారు. అర నిమిషం రీల్‌లో డోలు చప్పుడు మిగులుతుంది, కథ మిగలదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క-సారలమ్మల కథను కోయలోనూ, తెలుగులోనూ చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. కంఠస్థంగా వచ్చిన విద్య నేర్చుకున్నవారు ఉంటేనే నిలుస్తుంది. లేదంటే రికార్డు చేసినంత మేరకే మిగులుతుంది.

మన డప్పు సంగతీ అంతే. పెళ్లికో దరువు, జాతరకో దరువు, చావుకో దరువు. ఒకనాడు వెట్టికి గుర్తుగా మన పెద్దల మెడలో వేలాడిన డప్పుకు నేడు తెరమీద చప్పట్లు పడుతున్నాయి. సంతోషమే. కానీ డప్పుకు వచ్చిన గౌరవం, దాన్ని కొట్టే మనిషికి ఊళ్లో వచ్చిందా? లైకులు లెక్కపెట్టేవారు ఈ ప్రశ్న అడగరు, మనమే అడగాలి.

మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మ నాట్ల పాటను, తాత డప్పు దరువును మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేద్దాం. ముందుగా వారి అనుమతి తీసుకుందాం. వారి పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో కూడా వారి నోటనే చెప్పిద్దాం. అన్నిటికన్నా ముఖ్యంగా అందులో ఒక్కటైనా మనం నేర్చుకుందాం. ఫోను దాచిపెట్టగలదు గాని బతికించలేదు. బతికించవలసింది మనమే.