మూగబోయిన నాలుగో తీగ

వాద్యబృందంలో బేస్ గిటారు ఉన్నదన్న సంగతి శ్రోతలకు తెలిసేది సాధారణంగా అది లోపించినప్పుడే. మా టౌన్‌షిప్ వినోద సమితికి ఆ అనుభవం 2018 నవంబరులో కలిగింది. వ్యవస్థాపక దినోత్సవ సంగీత విభావరి పన్నెండు రోజులున్నదనగా, సాధనలో బేస్ గిటారు నాలుగో తీగ, అనగా అన్నిటికంటె లావైన ‘ఇ’ తీగ, మోగడం మానివేసింది. మీటితే మట్టిగోడను గుద్దినట్లు ‘దబ్’ మని అంతటితో ఆగిపోయేది. తక్కిన మూడు తీగలూ చక్కగా పలుకుతున్నాయి.

ఆ వాద్యాన్ని ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నవారు విద్యుత్ విభాగపు సీనియర్ టెక్నీషియన్. మరుసటి మార్చిలో వారి పదవీ విరమణ. “వయసు మీద పడింది, వేళ్లలో పట్టు తగ్గింది” అని సమితిలో కొందరు తేల్చివేసి, బయటినుండి ఒక వాద్యకారుని మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చివేశారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాడు గిటారుతో మా విభాగానికి వచ్చి, “ఒక్కసారి చూడండి సార్. తప్పు నా చేతిదైతే నేనే తప్పుకుంటాను” అన్నారు.

తిరిగే యంత్రాల కంపనాలను కొలవడం మా నిత్యకృత్యం. కావున కంపించే తీగ మాకు బొత్తిగా పరాయిది కాదు. ఆ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అయితే నాదంలోని మెరుపు ఆ మూలస్వరంలో ఉండదు. దానిపై 82, 124, 165 చొప్పున లేచే అనుస్వరాలలో ఉంటుంది. అవి త్వరగా చల్లారితే మిగిలేది మొద్దు శబ్దమే. వాటిని చల్లారుస్తున్నది ఏది అన్నదే ప్రశ్న.

ముందుగా ఆంప్లిఫయరు తీగ ఊడదీసి, గిటారు చెక్కకు చెవి ఆనించి విన్నాము. అదే మొద్దుతనం. దానితో పికప్, వైరింగు, స్పీకరు మూడింటిపై అనుమానం ఒక్కసారే తొలగింది. ఖాళీ తీగ మాత్రమే మొద్దుగా ఉంటే మెడ చివర అది ఆనే గాడిని అనుమానించాలి. ఏదో ఒక మెట్టు వద్ద మాత్రమే స్వరం చచ్చిపడితే అది మెడ కర్ర స్వభావం, తీగ మార్చినా పోదు. ఇక్కడ పన్నెండో మెట్టు వరకు ప్రతి మెట్టు వద్దా ఒకే తీరు. బ్రిడ్జి వద్ద తీగ పదునైన మలుపు తీసుకోక విల్లులా వంగి ఉన్నది. బొటనవేలితో అదిమి సరిచేశాము. కొంత గుణం కనిపించింది గాని జబ్బు పోలేదు. (మన తంబురాలో తీగ కింద నూలుపోగు జరిపి జీవం రప్పిస్తాము. బేస్ గిటారుకు కావలసినది అందుకు విరుద్ధం: స్పష్టమైన అంచు.)

అప్పుడు గాని మొదటే అడగవలసిన ప్రశ్న మాకు తట్టలేదు: “ఇది ఎప్పటినుండి?” రెండు వారాల క్రితం ఆయన నాలుగు తీగలూ కొత్తవి వేసుకున్నారట. కొత్త తీగను ఎవరు అనుమానిస్తారు? అదృష్టవశాత్తు పాతవి పారవేయలేదు. జిడ్డు పట్టిన పాత ‘ఇ’ తీగను తిరిగి బిగించగా, కొత్తదానికంటె రెట్టింపు సేపు మోగింది! వాద్యమూ నిర్దోషి, వారి చేయీ నిర్దోషి.

విప్పిన కొత్త తీగ కొసను గోటితో కదిపితే దోషం బయటపడింది. లావు తీగ ఒంటి తీగ కాదు. లోపల ఉక్కు తీగ, దానిపై బిగువుగా చుట్టిన మరో సన్నని తీగ. మిగులు పొడవు బిరడకు పట్టదని, ఆయన దానిని చొప్పించక ముందే కట్టరుతో నిటారుగా కత్తిరించారు. లోపలి తీగ గుండ్రనిదైతే, వంపు లేని కొస వద్ద పైచుట్టు పట్టు తప్పి సడలుతుంది. సడలిన చుట్లు ఒకదానినొకటి ఒరుసుకొని కంపనశక్తిని మింగివేస్తాయి. తక్కిన తీగలు సన్నవి గనుక కత్తిరించకుండానే చుట్టారు, బతికిపోయాయి.

నాలుగు తీగలూ మొద్దుగా పలకడం దోషం కానక్కరలేదు. 1960 దశకంలో మోటౌన్ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలను మార్చడానికి ఇష్టపడేవారు కాదని ప్రతీతి. అది అభిరుచి. నాలుగింటిలో ఒకటి మూగబోతే మాత్రం కారణం వెదకవలసిందే.

హైదరాబాదు నుండి విడి తీగ తెప్పించాము. ఈసారి ముందు లంబంగా వంచి, ఆ వంపుకు అవతల కత్తిరించి, మెలి పడకుండా బిరడకు కిందివైపుగా చుట్టారు. కట్టరు మా చేతికి ఇవ్వలేదు, తామే పట్టుకున్నారు. విభావరిలో రెండున్నర గంటలు ఆయనే వాయించారు. బయటి వాద్యకారునికి ఇచ్చిన అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.